ఇరుసు మారాక మొదలైన మూలుగు

మా మేనమామ ప్రీమియర్ పద్మినీ టాక్సీకి వెనుక యాక్సిల్ మార్పించిన మర్నాడు పొద్దున, బండి తీశాక గల్లీ రాళ్ళ మీద రెండు మరకలు మిగిలాయి. ఒకటి బండి నడుము కింద పడింది, ఇంకొకటి కుడి వెనుక చక్రం లోపలి వైపు. బండి కదిలితే మూలుగు. ముప్పై వేగంలో సన్నగా మొదలై, యాభైకి వచ్చేసరికి చెవిలో పురుగు దూరినట్టుండేది. పాత యాక్సిల్‌లో క్రౌన్ పళ్ళు విరిగాయని, తుక్కు దుకాణంలో ఇంకో పద్మినీది హౌసింగ్‌తో సహా కొని వేయించాడు. "పైసలన్నీ నీళ్ళల్ల పోసినట్టాయె అల్లుడా" అని ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

డంకన్ రోడ్డు వైపు పనిచేసే ఒక పెద్దమనిషిని పిలిచాం. కరీంనగర్ దిక్కు నుంచి చిన్నప్పుడే వచ్చి, ఈ గల్లీల్లోనే చేతులు నల్లబడిన మిస్త్రీ. పానాల పెట్టె తెచ్చాడు గానీ తెరవలేదు. "ఇప్పుకం తొందరెందుకు తమ్మీ, ముందుగాల ఇనాలె" అని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ పూట ఆయన ఏం విన్నాడో, ఎందుకలా విన్నాడో నాకు పూర్తిగా అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ వినడం వెనుక ఉన్న శాస్త్రమే ఈ వ్యాసం.

కామాటి అంటే మన భాషలో మట్టి మోసే, రాయి పరిచే, గోడ లేపే కూలి. నిజాం రాజ్యపు తెలుగు నేల నుంచి బొంబాయి కట్టడాలకు వచ్చిన ఆ జనం పేరే మేముండే ఈ కామాటిపురాకు మిగిలింది. అంతకుముందు ఇది లోతట్టు బురద నేల. మహాలక్ష్మి దగ్గర సముద్రం లోపలికి వచ్చే గండిని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో మూశాకే ఇటువైపు నేల ఆరింది. తర్వాతి తరాల తెలుగువాళ్ళు మిల్లుల్లో మగ్గాల దగ్గర, రేవులో, చివరికి టాక్సీ స్టీరింగ్ వెనుక పని వెతుక్కున్నారు. ఇక్కడి నుంచి చోర్ బజార్ నడిచి పోయేంత దూరం. పద్మినీ పుట్టిన ప్రీమియర్ కార్ఖానా కుర్లాలో ఉండేది, దానికి నంబరు పడే ఆర్టీవో తాడ్‌దేవ్‌లో. బండి పుట్టుక, బతుకు, తుక్కు అన్నీ ఒక ఊళ్ళోనే జరిగిపోయేవి కాబట్టి, ఒక టాక్సీ ఇరుసు ఇంకో టాక్సీ కిందికి చేరడం ఇక్కడ మామూలు సంగతిగా ఉండేది.

పల్లెలో ఎడ్లబండి ఇరుసు పని బరువు మోయడం ఒక్కటే. ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెడితే సరిపోయేది. వెనుక చక్రాలతో నడిచే కారు ఇరుసు ఆ బరువుతో పాటు ఇంకో మూడు పనులు చేస్తుంది. ఇంజిన్ నుంచి నిలువుగా వచ్చే తిరుగుడును అడ్డంగా మళ్ళిస్తుంది. వేగం తగ్గించి బలం పెంచుతుంది. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం జోరుగా తిరిగేలా పంచుతుంది. మొదటి రెండు పనులూ ఒక జంట చేస్తుంది: పొడవాటి షాఫ్ట్ చివరనున్న చిన్న పినియన్, దాన్ని ఒరుసుకుంటూ తిరిగే పెద్ద క్రౌన్ చక్రం.

ఈ జంట గురించి ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతా కథంతా తేలికవుతుంది. క్రౌన్, పినియన్ విడివిడిగా తయారై కలిసినవి కావు. కార్ఖానాలో రెంటినీ కలిపి తిప్పి, ఒకదాని పళ్ళతో ఇంకోదాని పళ్ళు అరగదీసి, రెండింటి మీదా ఒకే నంబరు కొడతారు. ఆ తర్వాత లక్ష కిలోమీటర్లు అవి ఒకదానికొకటి అలవాటు పడుతూ అరుగుతాయి. బేరింగూ దాని గిన్నే కూడా అలాంటి జంటే, ఆయిల్ సీలూ అది ఆనుకునే షాఫ్టూ అలాంటిదే. ఇరుసు మార్చడమంటే ఇలాంటి పాత జంటలను కొన్నిటిని విడదీసి, ఎన్నడూ కలవని భాగాలను కొత్తగా కలపడం. అందుకే మార్చాక చప్పుడు వస్తే తెచ్చిన సామాను చెడ్డదని వెంటనే తిట్టుకోవద్దు. ఏ జంట కుదరలేదో వెతకాలి. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికే జవాబు అక్కడే ఉంటుంది.

వెతకడానికి చెవి ఎలా పనికొస్తుందో లెక్క వేసి చూద్దాం. క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 10 పళ్ళు అనుకుందాం. చక్రం చుట్టుకొలత 1.9 మీటర్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 13.9 మీటర్లు. అంటే చక్రం సెకనుకు సుమారు 7 చుట్లు తిరుగుతుంది. పినియన్, దానికి తగిలించిన ప్రొపెల్లర్ షాఫ్ట్ సుమారు 31 చుట్లు తిరుగుతాయి. పళ్ళు ఒకదాన్నొకటి తాకడం సెకనుకు సుమారు 314 సార్లు. చక్రంలోనో, బ్రేకు డ్రమ్ములోనో లోపముంటే సెకనుకు ఏడు దెబ్బలు పడతాయి. అది చెవికి వినబడే శ్రుతి కాదు, ఒంటికి తెలిసే దడదడ. షాఫ్ట్ తూకం తప్పితే సెకనుకు ముప్పై ఒకటి. సీటు కింద, పాదాల కింద బొయ్యిమంటుంది. పళ్ళ మధ్య పొందిక తప్పితే మాత్రం మూడువందల పైచిలుకు. అది పాడుతుంది. మామ బండి మూలుగు ఈ మూడో రకం.

ఆ పాటకు ఇంకో గుర్తుంది. వేగం ఇరవై అయిదు నుంచి యాభైకి పెరిగితే పళ్ళ తాకిళ్ళు సరిగ్గా రెట్టింపవుతాయి కాబట్టి, మూలుగు కింది షడ్జం నుంచి పై షడ్జానికి చేరుతుంది. గేరు మార్చినా శ్రుతి మారదు, బండి వేగాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. ఇంజిన్ చప్పుడైతే గేరు మార్చగానే శ్రుతి మారిపోతుంది. సంగీతం వచ్చినవాళ్ళకే కాదు, పెళ్ళి సన్నాయి విన్న ఎవరికైనా ఈ తేడా పట్టుబడుతుంది.

మిస్త్రీ బండిని బెలాసిస్ బ్రిడ్జి మీదికి పట్టించాడు. రైలు పట్టాల మీదుగా పోయే 1893 నాటి ఆ పాత వంతెన ముంబై సెంట్రల్ పక్కన, అప్పట్లో మాకు అతి దగ్గరి ఎక్కుడుగా ఉండేది. ఎక్కేటప్పుడు ఇంజిన్ చక్రాలను నెడుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజిన్‌ను లాగుతాయి. పంటికి రెండు ముఖాలుంటాయి, ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకొకటి పని చేస్తుంది. అంటే ఒకే వంతెన మీద రెండు ముఖాలకూ వేరువేరుగా పరీక్ష జరుగుతుంది. మామ బండి ఎక్కేటప్పుడు దాదాపు నిశ్శబ్దం. తాడ్‌దేవ్ వైపు దిగుతూ కాలు తీయగానే కూత మొదలైంది.

"దిగేటప్పుడు ఏడుస్తుందంటే పినియన్ ఒదులైంది తమ్మీ" అన్నాడు. దానికి కారణముంది. ఈ ఇరుసులోని హైపాయిడ్ రకం పళ్ళు వంపుగా ఉంటాయి కాబట్టి పినియన్‌ను తిప్పడమే కాదు, నిలువునా తోస్తాయి కూడా. నెట్టుడులో పినియన్ క్రౌన్‌కు దూరంగా బయటికి తోసుకుపోతుంది, వెనక పెద్ద బేరింగ్ దాన్ని ఆపుతుంది. కాలు తీయగానే తోపుడు తిరగబడి లోపలికి లాగుతుంది, ఇప్పుడు ఆపాల్సింది ముందు బేరింగ్. ఈ బేరింగులను ముందే కొంచెం ఒత్తిడితో బిగించి ఉంచాలి. ఆ బిగువు పోతే కాలు తీసినప్పుడల్లా పినియన్ వెంట్రుకవాసి లోపలికి జరిగి, పళ్ళు తమ అలవాటైన చోట కాక వేరేచోట ఒరుసుకుంటాయి. క్రౌన్, పినియన్ మధ్య ఉండాల్సిన ఎడం చాలా కార్లలో మిల్లీమీటరులో ఏడో వంతు, అటూ ఇటూ. అంతటి కొలతలో వెంట్రుకవాసి చిన్నది కాదు.

అయితే వెనుక నుంచి వచ్చే ప్రతి చప్పుడూ క్రౌన్ పినియన్‌ది కాదు. తొందరపడి హౌసింగ్ విప్పినవాళ్ళు ఎక్కువసార్లు మోసపోయేది ఇక్కడే. టైరు అరుగుదల మూలుగులాగే వినిపిస్తుంది గానీ, తారు రోడ్డు మీంచి కాంక్రీటు రోడ్డు మీదికి పోగానే స్వరం మార్చేస్తుంది. చక్రపు బేరింగ్ గుర్రుమంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా దానికి తేడా లేదు, స్టీరింగ్ ఎడమకు తిప్పితే బరువు కుడి మీదికి వాలుతుంది కాబట్టి కుడి బేరింగ్ గట్టిగా అరుస్తుంది. మలుపుల్లో మాత్రమే వచ్చే కటకట, చక్రాలకు వేగం పంచే డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ళది. వీటిని ఇంకా తేటగా విడదీయాలంటే ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనుక ఇరుసును జాకీ మీద కాకుండా గట్టి స్టాండ్ల మీద నిలిపి, రెండు చక్రాలూ గాలిలో తిరుగుతుండగా పొడుగు స్క్రూడ్రైవర్ మొన హౌసింగ్‌కు ఆనించి, పిడి చెవి పక్క ఎముకకు ఆనిస్తారు. ఉక్కులో నుంచి వచ్చే ధ్వని గాలిలో చెదరకుండా నేరుగా ఎముకకు అందుతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరవద్దని ఈ వ్యాసంలో మరో పది చోట్ల రాయాలని ఉంది నాకు.

కదిలేటప్పుడు, గేరు మార్చేటప్పుడు ఒక్కసారి టక్కుమంటే అది పళ్ళ పాట కాదు, ఎక్కడో వదులు. షాఫ్ట్ క్రాస్ అరిగి ఉండొచ్చు. యాక్సిల్‌ను కమాన్ కట్టలకు పట్టి ఉంచే యూ బోల్టులు సడలి ఉండొచ్చు. కమాన్ కట్టల నడుమనున్న సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంతలో సరిగ్గా కూర్చోకపోతే ఇరుసు వంకరగా బిగుసుకుంటుంది, బండి కుక్క పరుగులా కొంచెం అడ్డంగా నడుస్తుంది. రెండు వైపులా ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు టేపు పెట్టి కొలిస్తే తేడా దొరికిపోతుంది. రెండు నిమిషాల పని. చాలామంది చేయరు.

కోణం సంగతి ఇంకా సూక్ష్మం. క్రాస్ జాయింట్ ఒక విచిత్రమైన యంత్రం. షాఫ్ట్ ఒకవైపు సమానంగా తిరుగుతున్నా, జాయింట్ వంగి ఉంటే రెండోవైపు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. పది డిగ్రీల వంపుకు ఆ హెచ్చుతగ్గు ఒకటిన్నర శాతం. షాఫ్ట్ రెండు చివర్లా కోణాలు సమానంగా ఉంటే ఒక జాయింట్ చేసిన తప్పును రెండోది సరిదిద్దుతుంది. కొత్త ఇరుసు ముక్కు కొంచెం పైకో కిందికో చూస్తే ఆ దిద్దుబాటు కుదరదు, సెకనుకు ముప్పై ఒకటికి రెట్టింపు, అరవై రెండుసార్లు అదురుతుంది. పద్మినీ డిక్కీలో సి.ఎన్.జి. సిలిండర్ కూర్చున్న తర్వాత ఇది మరీ ఎక్కువైందని డ్రైవర్లు చెప్పేవాళ్ళు, నమ్మదగిన మాటే. వెనుక ఎప్పుడూ దిగని బరువు పెట్టుకుంటే కమాన్లు వాలిపోతాయి, ఇరుసు ఎత్తు మారుతుంది, కోణమూ మారుతుంది.

ఆ కాలపు టాక్సీకి ఇంకో ప్రమాదం ఉండేది. తెచ్చిన ఇరుసు పళ్ళ నిష్పత్తి వేరైతే, గేర్ బాక్స్ నుంచి కేబుల్‌తో తిరిగే మీటరు తప్పు దూరం చూపేది. 4.3 ఉండాల్సిన చోట 4.1 పడితే ప్రతి కిలోమీటరుకూ దాదాపు 47 మీటర్లు మీటరుకెక్కకుండా పోయేవి. రోజంతా అలా పోగొట్టుకుంటే ఒక పూట భోజనమంత నష్టం. రెండు చక్రాలనూ కలిపి పది చుట్లు తిప్పి, షాఫ్ట్ మీద సుద్దముక్కతో పెట్టిన గీత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే చాలు. నలభై మూడు వస్తే ఆ నిష్పత్తే. మామ బండిలో నలభై మూడే వచ్చింది.

ఇక మరకలు. మిస్త్రీ ముందు మరకను వేలికి అంటించుకుని వాసన చూశాడు. గేర్ ఆయిల్‌కు కుళ్ళిన గంధకపు వాసన ఉంటుంది. దానికి కారణం హైపాయిడ్ పళ్ళే. 1926 ప్రాంతంలో పాకార్డ్ కార్లతో వీధిలోకి వచ్చిన ఈ ఏర్పాటులో పినియన్ క్రౌన్ నడుమ కాక కొంచెం కిందికి ఉంటుంది, దాంతో కారు నేల కిందికి దిగింది. కానీ పళ్ళు దొర్లడంతో పాటు పక్కకు జారడం మొదలుపెట్టాయి. ఆ జారుడులో మామూలు నూనె పొర చిరిగిపోతుంది. అందుకే గేర్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలుపుతారు. పన్ను వేడెక్కిన చోట అవి ఇనుముతో కలిసి పలచని పొరగా మారి లోహాన్ని లోహం నుంచి కాపాడతాయి. ఇరుసులో వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్ళను చూశాను. డబ్బు మిగిలిందనుకుంటారు, క్రౌన్ పోతుంది. పాత కార్లు అమ్మేటప్పుడు మూలుగు వినబడకుండా నూనెలో రంపపు పొట్టు కలపడం ఇంకా పెద్ద అన్యాయం.

బ్రేక్ ఆయిల్‌కు ఆ వాసన ఉండదు, నీళ్ళలో కలిసిపోతుంది. గేర్ ఆయిల్ నీళ్ళ మీద తేలుతుంది. చక్రం దగ్గరి మరకను ముందు ఈ పరీక్షకు పెట్టాలి, ఎందుకంటే అది బ్రేక్ ఆయిల్ అయితే బండి అప్పుడే ఆగిపోవాలి. మా గ్లాసు నీళ్ళలో నూనె తేలింది. గండం తప్పిందనుకోవడానికి లేదు. చక్రం చివరి సీలు దాటిన గేర్ ఆయిల్ డ్రమ్ములోకి పోయి లైనర్లను తడుపుతుంది, వాన రోజున బ్రేకు ఒకవైపే పట్టి బండి పక్కకు లాగేస్తుంది. తడిసిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయడం పొరపాటు. నూనె లోపలికి ఇంకి ఉంటుంది, వేడెక్కగానే బయటికొస్తుంది.

నడుము కింది మరకకు కారణం మూలుగులోనే దొరికింది. ఆయిల్ సీలు అంటే పలచటి రబ్బరు పెదవి, దాన్ని షాఫ్ట్‌కు హత్తించే చిన్న చుట్టు స్ప్రింగు. నూనెను అది గోడలా అడ్డుకుంటుందని అనుకుంటాం. నిజానికి పెదవి కింద ఎప్పుడూ ఒక సన్నని నూనె పొర ఉంటుంది, తిరిగే షాఫ్ట్ మీద ఆ పెదవి నూనెను లోపలికే తోస్తూ ఉంటుంది. షాఫ్ట్ నడుమన నిలిచి తిరిగినంతసేపే ఈ పంపు పనిచేస్తుంది. పినియన్ వదులై ఊగితే పెదవి దాని వెంట పరుగెత్తలేదు. ఎన్ని కొత్త సీళ్ళు మార్చినా కారుతూనే ఉంటుంది. పాత పెదవి ఒరిసి షాఫ్ట్ మీద గాడి పడి ఉన్నా అంతే. అప్పుడు కొత్త సీలును రెండు మిల్లీమీటర్లు పక్కకు కొట్టి, పెదవిని అరగని నునుపు చోట ఆనించాలి. తుక్కు దుకాణంలో నెలల తరబడి ఎండిన సీలు ఎలాగూ గట్టిపడి ఉంటుంది, దాన్ని ఉంచుకోవడంలో అర్థం లేదు.

రెండో మరకే మాకు పాఠం నేర్పింది. కుడి సీలు కొత్తది, షాఫ్ట్ నునుపుగా ఉంది, బేరింగ్ గట్టిగా ఉంది. అయినా కారింది. మిస్త్రీ హౌసింగ్ మీద చెయ్యి పెట్టి తడుముతూ పోయి, పైనున్న చిన్న గుబ్బ దగ్గర ఆగాడు. అది బ్రీదర్, ఇరుసు ఊపిరి తీసే రంధ్రం. దుకాణంవాళ్ళు సామాను కొత్తగా కనిపించాలని హౌసింగ్ మొత్తానికీ నల్ల రంగు కొట్టారు. ఆ రంగు బ్రీదర్‌ను మూసేసింది.

ఇంత చిన్న రంధ్రం మూసుకుంటే ఏమవుతుంది? పొద్దున 30 డిగ్రీల దగ్గరున్న ఇరుసు నాలుగు గంటలు తిరిగాక 80 డిగ్రీలకు చేరిందనుకుందాం. లోపలి గాలికి పోయే దారి లేదు. దాని ఒత్తిడి ఆరో వంతు పెరుగుతుంది. అది ఒకటిన్నర మీటర్లకు పైగా నిలిచిన నీటి బరువుతో సమానం. రబ్బరు పెదవి అంత ఒత్తిడికి తయారైంది కాదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నూనె తోసుకొస్తుంది. నూనె ఎక్కువ పోసినా ఇదే కథ. ఇరుసు సమంగా ఉండగా నింపే రంధ్రం కింది అంచు దాకా వస్తే అదే నిండుదనం, ఒక చెంచా ఎక్కువ పోసి లాభం లేదు.

వానాకాలంలో ఇదే ఒత్తిడి తిరగబడుతుంది. వేడి ఇరుసు మోకాలి లోతు నీళ్ళలోకి దిగగానే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, సీళ్ళ సందుల్లోంచి నీళ్ళను పీల్చుకుంటుంది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు శివార్ల నీళ్ళలో నిలిచిపోయిన బండ్లను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది వాటి ఇంజిన్లు కాదు, ఇరుసులు. ఇంజిన్ తడిస్తే ఆ రోజే తెలుస్తుంది. ఇరుసులో దూరిన నీళ్ళు నూనెను మజ్జిగలా చేసి, బేరింగు గోళాల మీద తుప్పు చుక్కలు పెట్టి, నెలల తర్వాత గరగరగా బయటపడతాయి. వరద నీళ్ళలో దిగిన బండికి వారంలోపే ఇరుసు నూనె దించి చూడాలి. తెల్లగా ఉంటే మార్చేయాలి.

మధ్యాహ్నానికి మిస్త్రీ హౌసింగ్ నుంచి డిఫరెన్షియల్ దింపాడు. క్రౌన్ మీది నంబరు, పినియన్ మీది నంబరు కలిశాయి, అందరం ఊపిరి పీల్చుకున్నాం. పళ్ళకు రంగు పూసి తిప్పితే ఒరిసిన గుర్తు పంటి నడుమనే పడింది. పినియన్ నట్టు మాత్రం చేతి బలానికే కదిలింది. ఎవరో షాఫ్ట్ తగిలించే ఫ్లాంజి ఊడదీసి, మళ్ళీ ఉత్తుత్తిగా బిగించారు. కొత్త సీలు వేసి, నట్టు బిగించి, ఫ్లాంజికి పురికొస చుట్టి, తూకం కొక్కెంతో లాగి బిగువు చూసుకున్నాడు. ఒకసారి చాలలేదని ఇంకాస్త బిగించి మళ్ళీ లాగాడు. బ్రీదర్ రంగును సన్న తీగతో గీకి తీశాడు. కుడివైపు లైనర్లు కొత్తవి వేయించాడు.

సాయంత్రం బెలాసిస్ బ్రిడ్జి దిగుతూ మామ కాలు తీశాడు. పక్కన లోకల్ రైలు పోతున్న చప్పుడు వినిపించింది.

"వారం నడిపి రా. కొత్తగ కూసున్న కమాన్లు సర్దుకుంటయి, యూ బోల్టులు మళ్ళ గుంజాలె" అన్నాడు మిస్త్రీ డబ్బులు తీసుకుంటూ. వారం తర్వాత పోయాం. ఎనిమిది నట్లలో ఏడు పావు చుట్టు తిరిగాయి. కుడివైపు ముందుది అర చుట్టు తిరిగింది. దాని కింద కొత్త వాషరు వేసి, ఇంకో వారానికి మళ్ళీ రమ్మన్నాడు.